రేనాటి రాళ్ళ వెంట నాలుగు రోజులు

మొదటి రోజు: కడప, పుష్పగిరి

ఉదయం ఎనిమిదిన్నరకల్లా బ్రౌన్ గ్రంథాలయం గేటు దగ్గర పదకొండు మందిమీ చేరాం. మా చరిత్ర సంఘం పుస్తకంలో సభ్యుల పేర్లు చాలానే ఉన్నాయి గానీ, నాలుగు రోజులు ఇల్లూ ఉద్యోగమూ వదిలి రాగలిగేది ఈ కొద్దిమందే. రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకరు, ఆయన్ను అందరం అయ్యవారూ అనే పిలుస్తాం. నాతో కలిపి బడి టీచర్లం ఇద్దరం. బ్యాంకు అక్క, సిమెంటు ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసే అన్న, ఒక సాఫ్ట్‌వేర్ అబ్బాయి, కుట్టు షాపు టైలరన్న. మిగతా వాళ్ళు కొత్తగా చేరిన డిగ్రీ విద్యార్థులు.

ఏటా సంక్రాంతి దాటాక ఒక ప్రాంతం ఎంచుకుని తిరగడం మా అలవాటు. ఎండ ముదరదు, పొలాల్లోకి దారులు ఉంటాయి, పొద్దున ఏటవాలు వెలుగులో రాతి మీద అక్షరాలు బాగా తేలతాయి. ఈసారి రేనాడు అనుకున్నాం. శాసనాల్లో ‘రేనాడు ఏడువేలు’ అని కనిపించే నాడు ఇదే. ఇప్పటి కడప జిల్లాలో చాలా భాగం, దాని చుట్టుపక్కల కొంత నేల ఇందులోకి వస్తాయి. ఆరో శతాబ్దం నుంచి ఇక్కడ రేనాటి చోళులు ఏలారు. తెలుగుదేశంలో అంతకుముందు రాజులు శాసనం వేయిస్తే ప్రాకృతంలోనో సంస్కృతంలోనో వేయించేవాళ్ళు. వీళ్ళు ఊళ్ళో జనం మాట్లాడే తెలుగులో వేయించారు. నాకు రేనాడంటే ఇంత ఇష్టం ఉండడానికి కారణం ఇదే.

యాత్ర ఈ గ్రంథాలయంలో మొదలుపెట్టడం కావాలని చేసిన పనే. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటిది. 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తర్వాత ఇక్కడ బంగళా కొని, పండితులకు సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలు రాయించాడు, దిద్దించాడు. 1852లో వచ్చిన ఆయన తెలుగు–ఇంగ్లిష్ నిఘంటువు ఇప్పటికీ నా బల్ల మీద ఉంటుంది. పాడుబడిన ఆ స్థలంలో ఇంత గ్రంథాలయం లేచిందంటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి, మనిషి మనిషినీ అడిగి చందాలు పోగుచేయబట్టే. ఒక ప్రాంతంలో చరిత్ర పని ఎలా జరుగుతుందో చూపించడానికి కొత్త పిల్లలకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

మధ్యాహ్నం దాకా కైఫీయత్తులతో, అంటే పాత ఊరి వృత్తాంతాలతో కూర్చున్నాం. ఈ సీమను నిజాం 1800లో కంపెనీకి ధారపోశాక, కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ తన మనుషుల్ని ఊరూరికీ పంపి కరణాల చేత ఊరి వృత్తాంతాలు రాయించాడు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు ఆ పనిలో ఆయనకు కుడిభుజంలా నిలిచారు. మూలప్రతులు పాడైపోతుంటే తిరిగి రాయించి కాపాడింది మళ్ళీ బ్రౌనే. అవి ఇప్పుడు అచ్చు పుస్తకాలై చేతికి అందుతున్నాయి. మా పద్ధతి ఏమిటంటే, మనిషికి రెండు ఊళ్ళు పంచుకుని, కైఫీయత్తులో ఆ ఊరి గుళ్ళు, చెరువులు, శిలాశాసనాల గురించి ఏముందో ఒక కాగితం మీద రాసుకుంటాం. తర్వాత ఊరికి వెళ్ళి ఒక్కొక్కటీ సరిచూస్తాం. ఉంటే ఎక్కడుంది, లేకపోతే ఎప్పటినుంచి లేదు.

కైఫీయత్తును చదవడంలో ఒక జాగ్రత్త ఉంది. జనమేజయుడు అగ్రహారం ఇచ్చాడని మొదలయ్యే ఊళ్ళు బోలెడు. అది చరిత్ర కాదు, ఆ ఊరు తన గురించి చెప్పుకున్న మాట. కరణానికి తాతల కాలం నుంచి తెలిసిన సంగతుల్ని మాత్రం గట్టిగా నమ్మవచ్చు. చెరువు ఎవరు తవ్వించారు, ఏ ఏడు తెగింది, పన్ను ఎంత కట్టారు అన్నవి కరణం తప్పుగా రాయడు. అయ్యవారు ఈ తేడా చెబుతుంటే డిగ్రీ పిల్లలు రాసుకోవడం ఆపి వినడం మొదలుపెట్టారు.

సాయంత్రం పుష్పగిరి. పెన్న ఒడ్డున, కడపకు పదహారు కిలోమీటర్లు. చెన్నకేశవాలయం వెలుపలి గోడల మీద అర్జునుడి తపస్సు నుంచి మొదలుపెట్టి ఎన్ని కథలు చెక్కారో చూస్తూ చీకటి పడేదాకా గోడ చుట్టూ తిరిగాం. రేపటి పని వేరే కాబట్టి ఇక్కడ నోట్సు పెద్దగా రాయలేదు, ఊరికే చూశాం.

రెండో రోజు: మాలేపాడు మీదుగా కలమళ్ళ

పొద్దున్నే ఎర్రకారం దోసెలు తిని బయల్దేరాం. కమలాపురం దాటాక నల్లరేగడి మొదలైంది. కనుచూపుమేర శనగ చేలు. రేగడి నేలల నాడు గనకే రేనాడు అయిందని ఒక మాట ఉంది. కిటికీలోంచి చూస్తుంటే ఆ మాట నమ్మబుద్ధయింది.

మాలేపాడులో దొరికిన రాగిరేకులు పుణ్యకుమారుడివి. రేనాటి చోళుల వంశక్రమం మనకు తెలిసింది ముఖ్యంగా వాటివల్లే. నందివర్మ, ఆయన కొడుకులు సింహవిష్ణువు, సుందరనందుడు, ధనంజయవర్మ, ఆ తర్వాత మహేంద్రవిక్రముడు, గుణముదితుడు, పుణ్యకుమారుడు. ఈ పేర్లు వరసగా చెప్పుకుంటూ వెళ్ళాం, ఎందుకంటే ఆ ధనంజయుడే కలమళ్ళలో మా కోసం రాతి మీద ఎదురుచూస్తున్నాడు. ఎఱ్ఱగుడిపాడు దగ్గర కాసేపే ఆగాం. అక్కడి శాసనం కూడా ‘ఎరికల్ ముత్తురాజు’ అనే బిరుదున్న రేనాటి చోళరాజుదే. అందులో ‘పన్నస’ అనే మాట వస్తుంది, బ్రాహ్మణులకు ఇచ్చిన నేల అని అర్థం. ఒక్క మాట కోసం దారి మళ్ళడమా అని డ్రైవరన్న అడిగాడు. అవునన్నాను. ఇప్పుడు ఎవరూ వాడని ఒక తెలుగు మాట పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి రాతి మీద ఉందంటే, దాని కోసం ఎంత దూరమైనా దారి మళ్ళవచ్చు.

పదకొండు దాటాక కలమళ్ళ చేరాం. ఎర్రగుంట్ల మండలంలో ఊరిది. పక్కనే ఆర్టీపీపీ (రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం) పొగగొట్టాలు కనిపిస్తూ ఉంటాయి. చెన్నకేశవాలయం ఆవరణలోకి అడుగుపెట్టగానే అందరం గొంతు తగ్గించాం. ఎవరూ చెప్పలేదు, దానంతటదే జరిగింది.

రాయి పెద్దదేం కాదు, విరిగింది కూడా. పై వరస పోయింది. అక్షరాలు పెద్దవి, ఒకటి పైకి ఒకటి కిందికి, గీత గీసుకుని చెక్కినట్టు ఉండవు. దీనిలో తేదీ లేదు. లిపి తీరును బట్టి క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితులు నిర్ణయించారు. మొత్తం తెలుగులోనే ఉన్న శాసనాల్లో ఇదే మొదటిదిగా లెక్క. అమరావతి స్తూపం రాళ్ళ మీద ‘నాగబు’ లాంటి విడి మాటలు అంతకుముందే కనిపిస్తాయి గానీ, వాక్యం మొదలయ్యేది ఇక్కడే. నన్నయ రావడానికి ఇంకా ఐదొందల ఏళ్ళు ఉంది. 2008లో తెలుగుకు ప్రాచీన భాష హోదా వచ్చినప్పుడు చర్చల్లో ఈ ఊరి పేరు ఎన్నిసార్లు విన్నామో. ఆ రాయి ఎదుట నిలబడితే మాత్రం హోదాలు గుర్తుకు రావు.

అయ్యవారు రాయిని తాకకుండా గాల్లో వేలు కదుపుతూ చదివారు.

“ఎరికల్ ముతురాజు ధనంజయుడు రేనాండు ఏళన్...”

ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు రేనాడును ఏలుతూ ఉండగా. అంతే, అర్థమైపోయింది. నిఘంటువు తీయాల్సిన పని లేదు. నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. కిందికి వెళ్ళేకొద్దీ చిఱుంబూరు, చెనూరు అని ఊళ్ళ పేర్లు, రేవణకాలు అని ఒక మనిషి పేరు. చివర ‘హాపాతకస’ అని విరిగిన ముక్క. ‘మ’ పోయింది. ఈ ధర్మాన్ని చెరిపిన వాళ్ళకు మహాపాతకం చుట్టుకుంటుందని శాపం అన్నమాట. శాపం అక్షరాలే విరగడం చూసి బ్యాంకు అక్క కళ్ళు తుడుచుకుంది.

ఇక్కడ మేం అచ్చు, అంటే రాతి మీద తడి కాగితం పరిచి సిరాతో తీసే నకలు, తీయలేదు. ఈ శాసనం అచ్చు మైసూరులోని పురావస్తుశాఖ శాసన విభాగంలో ఉంది. ఉన్నదాన్ని మళ్ళీ తీయాలని పాత రాయిని తడిపి కొట్టడం తప్పు. సుద్దముక్కతో అక్షరాలు నింపి ఫోటో తీయడం అంతకన్నా తప్పు. రాసినవాడి చేతి గీతను మన ఊహతో కప్పేసినట్టే. సాఫ్ట్‌వేర్ అబ్బాయి వేరే పద్ధతి చేశాడు. ఒకరు గొడుగు పట్టి పైఎండను ఆపితే, ఇంకొకరు టార్చి వెలుగును పక్కనుంచి నేలబారుగా వేశారు. వెలుగు దిక్కు మారిన కొద్దీ లేని గీతలు లేచి వచ్చాయి. ఒక్కొక్క మూల నుంచి కొంచెం కొంచెం కలిసేలా రెండు వందల దాకా ఫోటోలు తీశాడు. వాటిని కంప్యూటర్‌లో అతికిస్తే రాయి మొత్తం తెర మీద తిరుగుతుంది, లోతులతో సహా.

మధ్యాహ్నం బడి విడిచాక పిల్లలు గుంపుగా వచ్చారు. నా నోటుపుస్తకంలో రాతి మీది అక్షరం, దాని కింద ఇప్పటి అక్షరం వేసి చూపించాను. అప్పటి క కూడిక గుర్తుకు రెండు చేతులు కిందికి వంచినట్టుంటుంది. ర ఇంకా గుండ్రం కాలేదు. ఏడో తరగతి పాప ఒకతి పుస్తకం లాక్కుని రాయికీ కాగితానికీ మార్చి మార్చి చూసి, “టీచర్, రాజు! ఇది రాజు!” అని అరిచింది. తర్వాత అరగంటసేపు ఆ పిల్లలు మా అయ్యవారిని వదల్లేదు.

వాళ్ళకు ఆయన ఇంకో అక్షరం కథ చెప్పారు. రేనాటి శాసనాల్లో చోళ అన్న మాటలో మన ళ ఉండదు, ఴ ఉంటుంది. తమిళం అన్న మాట చివర్లో తమిళులు నాలుక మడిచి పలికే శబ్దమే. ఆ అక్షరం తర్వాతి శతాబ్దాల్లో తెలుగులోంచి జారిపోయింది. పోతూ పోతూ చాలా చోట్ల డ అయింది. అందుకే చోఴులు మన దగ్గర చోడులయ్యారు, కోఴి కోడి అయింది. “అంటే మా ఇంట్లో కోడి పేరు మారిందా తాతా?” అని ఒకడు అడిగాడు. “మారింది నాయనా, మారి వెయ్యేళ్ళు దాటింది,” అన్నారు అయ్యవారు ఎంతో గంభీరంగా.

రాత్రి జమ్మలమడుగులో బస.

మూడో రోజు: గండికోట, ఇంకో ఊరు

తెల్లవారకముందే గండికోట వెళ్ళాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసుకుంటూ పోయిన లోయ మీదికి ఎండ దిగుతుంటే చూడాలని పిల్లల పట్టు. కోట గురించి ఎంతోమంది రాశారు, నేను ఎక్కువ రాయను. పెమ్మసాని నాయకులు ఏలిన ఈ కోటను 1650లో మీర్ జుమ్లా పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు ఇక్కడికే వచ్చి అతణ్ణి కలిశాడు. గుళ్ళలోని రాగి విగ్రహాలు కరిగించి ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా ప్రయత్నించాడని ఆ వర్తకుడు రాసిపెట్టాడు. మాధవరాయ ఆలయం ఎదుట నిలబడి ఆ భాగం పైకి చదివాం. జనం సెల్ఫీల కోసం లోయ వైపు పోతుంటే మేం గుడి వైపు తిరిగి కూర్చున్నాం. ధాన్యాగారం, జామియా మసీదు కూడా చూసి తొమ్మిదికల్లా దిగిపోయాం.

ఆ తర్వాత వెళ్ళిన ఊరి పేరు రాయను. మా సంఘంలో ఇది నియమం. సంరక్షణలో లేని రాయి ఎక్కడుందో బయటికి చెబితే గుప్తనిధుల వాళ్ళు చెప్పినవాళ్ళకన్నా ముందే అక్కడుంటారు. శాసనమంటే నిధికి దారి చూపే గుర్తని ఒక పిచ్చి నమ్మకం. పైన చెక్కిన సూర్యచంద్రులను చూసి, దీని కింద బంగారం ఉందనుకుంటారు. సూర్యచంద్రులు ఉన్నంతకాలం ఈ దానం నిలవాలని చెక్కిన బొమ్మలవి. ఆ నమ్మకంతో పగలగొట్టిన శాసనాలు నేనే నాలుగు చూశాను. నిజంగా నేలలో ఏదైనా దొరికితే కలెక్టరుకు తెలపాలని 1878 నుంచీ చట్టం ఉంది. రాత్రిపూట గడ్డపార పట్టుకొచ్చేవాడికి ఆ చట్టం అక్కర్లేదు.

ఫ్యాక్టరీ అన్న తన షిఫ్టు స్నేహితుడి మాటల్లో విని ఈ రాయిని కనిపెట్టాడు. చెరువు కట్ట కింద, వేపచెట్టు మొదట్లో, నిలువెత్తు వీరగల్లు. కింది అంతస్తులో ఆవుల మంద, మధ్యలో కత్తీ డాలూ పట్టిన వీరుడు, పైన అతణ్ణి చెరో చేయి పట్టి స్వర్గానికి తీసుకుపోతున్న దేవకన్యలు. ఆవుల్ని తోలుకుపోయేవాళ్ళతో పోరాడి చనిపోయినవాడి గుర్తు. బొమ్మల మీద అట్టకట్టిన పసుపు, నూనె మరకలు, ఎవరో వేసిన పచ్చ ఎనామిల్ రంగు. రాయి పక్కనే కొత్తగా తవ్వి వదిలేసిన గుంత.

రోజూ అక్కడ దీపం పెట్టే అవ్వ ఒకామె ఉంది. మమ్మల్ని చూడగానే కర్ర నేలకు ఆనించి అడ్డం నిలబడింది.

“యాడనుంచి వచ్చినారు మీరు? తవ్వేదానికేనా?”

“తవ్వము అవ్వా. రాతి మీద రాత ఉంటే చదువుదామని వచ్చినాం.”

“మా వీరన్నకు రాతుండాదా?”

రాత ఉందని ఆమెకు తెలియదు. డెబ్బై ఏళ్ళుగా పసుపు పూసిన చోటే, దేవకన్యల కాళ్ళ కింద, రెండు వరసల అక్షరాలున్నాయి. ఊరి పెద్దలతో మాట్లాడి, సర్పంచి చేత కాగితం మీద సరే అనిపించుకుని, అవ్వ చేతే మొదట టెంకాయ కొట్టించి పనిలోకి దిగాం. దీనికే రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలు వృథా అనుకునేవాళ్ళు ఈ పనికి పనికిరారని నా అభిప్రాయం.

ఇక టైలరన్న వంతు. మాలో అచ్చు తీయడం అతనికే చాతనవుతుంది. బట్ట మీద చేయి ఆడించి ముడత తీసే అలవాటు కాగితానికి కూడా వచ్చేసింది. ముందు నీళ్ళు, మెత్తని బ్రష్షు, ఓపిక. గీకకూడదు, సబ్బూ ఆసిడ్డూ అసలే వద్దు. ఎనామిల్ రంగు జోలికి మేం పోలేదు, అది తెలిసినవాళ్ళు చేయాల్సిన పని. అదృష్టం కొద్దీ రంగు అక్షరాల దాకా రాలేదు. రాయి శుభ్రమయ్యాక తడిపిన కాగితాన్ని నడిమధ్య నుంచి అంచులకు అద్దుకుంటూ పరిచాడు. తర్వాత గట్టి కుచ్చు బ్రష్షుతో దబదబ కొట్టడం. కాగితం అక్షరాల గాళ్ళలోకి దిగాలి, చిరగకూడదు. మొదటి కాగితం గాలికి లేచి చిరిగింది. రెండోది నిలిచింది. తడి సగం ఆరేదాకా అందరం చెట్టు కింద కూర్చుని చెనిక్కాయలు తిన్నాం.

ఆ తర్వాత గుడ్డలో దూది కట్టిన ఉండను నల్లసిరాలో ముంచి, పళ్ళెం మీద ఎక్కువైంది వదిలించి, కాగితం మీద మెల్లగా తట్టుకుంటూ పోయాడు. సిరా రాతికి అంటదు, కాగితం దాటి పోనివ్వడు. పైకి ఉన్న రాయంతా నల్లబడుతుంటే, గాళ్ళలో దిగిన అక్షరాలు తెల్లగా మిగిలాయి. మొదట సున్నా లాంటిదొకటి, పక్కన కొమ్ము, ఆ పక్కన ఇంకో గీత. ఊరి జనం ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. చిన్నపిల్లలు కూడా మాట్లాడలేదు.

అయ్యవారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, కాగితం దగ్గరికి వంగారు. మొదటి వరసలో ‘స్వస్తిశ్రీ’. తర్వాత నాలుగైదు అక్షరాలు అరిగిపోయాయి, అక్కడే పేరుండాలి. ‘కొడుకు’ అన్నది స్పష్టం. రెండో వరస చివర ‘పడియె’. లిపి తొమ్మిది, పది శతాబ్దాల తీరులో ఉందన్నారు.

“పేరేమి సామీ, మా వీరన్న పేరు?” అవ్వ అడిగింది.

“పేరు అరిగిపోయిందమ్మా. ఫలానావాళ్ళ కొడుకు, పోరాడి పడిపోయినాడు అని మాత్రం ఉంది.”

అవ్వ కాసేపు కాగితం వైపే చూసింది. “కొడుకని రాసినారు గదా,” అంది, “రాయించింది తల్లే అయ్యుంటాది.”

మాలో ఎవరికీ మాట రాలేదు.

నాలుగో రోజు: తిరిగి అదే ఊరికి

ఈ రోజు మైలవరం ఆనకట్ట చూసుకుని కడపకు తిరుగుదామని ముందు అనుకున్నది. రాత్రి బసలో పెద్ద చర్చ జరిగి, ప్లాను మారిపోయింది. పక్కన గుంత చూశాక రాయిని అక్కడే వదిలేయడం ఎలా అని బ్యాంకు అక్క టెన్షన్. కడప మ్యూజియంకు చేరిస్తే భద్రంగా ఉంటుంది కదా అని పిల్లలు కూడా అన్నారు. ఫ్యాక్టరీ అన్న ఒప్పుకోలేదు. చెరువు కట్ట, ఆ మేత బీడు, ఆవుల దారి అక్కడే ఉన్నాయి, వాటి మధ్య నుంచి పెకలిస్తే అది వట్టి బొమ్మ అవుతుంది అన్నాడు. నేనూ అతని వైపే. మ్యూజియంలో వీరగల్లుకు లేబుల్ ఉంటుంది, దీపం ఉండదు. ఊరు పట్టించుకోనప్పుడు, ఇంక నిలవదని తేలినప్పుడు మ్యూజియమే శరణ్యం. కానీ ఇక్కడ కర్ర పట్టుకుని అడ్డం నిలబడే మనిషి ఉంది.

పొద్దున్నే మళ్ళీ ఆ ఊరికి వెళ్ళి, మా రిజిస్టరులో పూర్తి వివరాలు ఎక్కించాం. రాయి ఎత్తు, వెడల్పు, మందం, ఏ దిక్కుకు చూస్తోంది, సర్వే నెంబరు, జీపీఎస్ గుర్తు, కొలబద్ద పక్కన పెట్టి తీసిన ఫోటోలు. ఈ పట్టిక కొత్త పిల్లలకు విసుగు పుట్టిస్తుందని తెలుసు. రాయి పోయిన రోజున మాత్రం పోలీసులకు చూపించడానికి ఇదొక్కటే మిగులుతుంది. పురావస్తు శాఖకు ఒకటి, తహసీల్దారుకు ఒకటి అర్జీలు రాశాం. వాటి మీద పంచాయతీ ముద్ర వేయించాం, మా సంఘం ముద్ర వేయలేదు. అడిగేది ఊరే అయితే ఆ అర్జీకి బలం ఎక్కువ. కట్ట మీదికి ఒక వీధిలైటు వేయిస్తానని సర్పంచి అక్కడికక్కడే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు.

గుంతను ఊరి కుర్రాళ్ళు పారలు తెచ్చి పూడ్చారు. సాఫ్ట్‌వేర్ అబ్బాయి జమ్మలమడుగులో ప్రింటు తీయించి లామినేట్ చేయించుకొచ్చిన అచ్చు బొమ్మను, కింద ఇప్పటి లిపిలో రాసిన పాఠంతో సహా, బడి హెడ్‌మాస్టరుకు ఇచ్చాం. ఇంకో ప్రతి అవ్వకు. ఆమెకు చదువు రాదు. మనవడి చేత రెండుసార్లు చదివించుకుంది.

బయల్దేరే ముందు టైలరన్న ఆమె దగ్గర కూర్చుని, పసుపు తడి చేరిన చోట రాయి ఎలా పెళుసెక్కుతుందో వేలితో చూపించాడు. అవ్వ వింది, ఏమీ అనలేదు. మా బండి కట్ట మలుపు తిరుగుతుంటే వెనక్కి చూశాను. ఆమె ప్రమిదను రాతి గూట్లోంచి తీసి, నేల మీద, వీరుడి పాదాలకు జానెడు దూరంలో పెడుతోంది. పసుపు గిన్నె ఇంకా చేతిలోనే ఉంది. వంగి, అడుగున ఉన్న ఆవుల కింద నేల మీద ఒక బొట్టు పెట్టింది.